తిన్న తరువాత కూడా మెదడు తిండినే ఎందుకు తలుస్తుంది?

ఈ శీర్షికకు ఈ మధ్య వచ్చిన ఉత్తరాలలో చాలా భాగం బరువు గురించి, అంతకంటే ఎక్కువగా ఆకలి గురించి రాసినవే. 2019-21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ లోపు స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 36 శాతం, తెలంగాణలో సుమారు 30 శాతం అధిక బరువుతోనో స్థూలకాయంతోనో ఉన్నారు కనుక, ఇవి ఏ కొద్దిమందికో సంబంధించిన ప్రశ్నలు కావు. వాటిలో ఐదింటిని ఎంచుకొని సమాధానాలు ఇస్తున్నాను. కడుపు, పేగులు మెదడుకు పంపే హార్మోన్ల సంగతి ఈ ఐదింటికీ మూలంలో ఉంది.

ప్రశ్న: నా వయసు 44. స్కూల్లో టీచరుగా పనిచేస్తున్నాను. ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు, బరువు 84 కిలోలు. మధ్యాహ్నం కడుపునిండా భోంచేసినా, సాయంత్రం ఇంటికి వస్తుంటే బండి మీద వేగుతున్న మిరపకాయ బజ్జీలు కనిపిస్తే అడుగు ముందుకు పడదు. అది ఆకలి కాదని నాకే తెలుస్తూ ఉంటుంది, అయినా ఆగలేను. మావారు సన్నగా ఉంటారు. ‘నోరు కట్టుకోవడం నీకు చేతకాదు’ అని పిల్లల ముందే అంటారు. ఇది నిజంగా నా మనోబలం లోపమేనా డాక్టరు గారూ?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: కాదమ్మా. మీరు రాసినదంతా చదివితే, మీ జీర్ణనాళానికీ మెదడుకూ మధ్య నడిచే సమాచారంలో వచ్చిన మార్పే నాకు ఎక్కువగా కనిపిస్తోంది. అది ఎలా నడుస్తుందో కొంచెం వివరంగా చెబుతాను.

భోజనం వేళ దగ్గరపడే కొద్దీ కడుపు పైభాగపు గోడలోని కణాలు గ్రెలిన్ అనే హార్మోన్‌ను రక్తంలోకి వదులుతాయి. 1999లో జపాన్‌లో కోజిమా, కంగావాల బృందం దీనిని కనుగొన్నది. తిన్న తరువాత రక్తంలో దీని మోతాదు పడిపోతుంది. ఆహారం చిన్నపేగులోకి దిగి, అందులోని కొవ్వు, మాంసకృత్తులు పేగు గోడకు తగలగానే అక్కడి కణాల నుంచి సీసీకే అనే హార్మోన్ వెలువడుతుంది. ఇంకా కిందికి పోతే, చిన్నపేగు చివరి భాగంలోనూ పెద్దపేగులోనూ ఎక్కువగా ఉండే ఎల్ కణాలు జీఎల్‌పీ-1, పీవైవై అనే మరి రెండింటిని విడుదల చేస్తాయి. గ్రెలిన్ తినమని చెబితే, ఈ మూడూ ఇక చాలునని చెబుతాయి. ఈ కబుర్లు కొన్ని రక్తం ద్వారా, కొన్ని పేగుల నుంచి మెదడు కాండం వరకూ పోయే వేగస్ నాడి ద్వారా మెదడుకు చేరతాయి.

ఇవన్నీ హైపోథాలమస్ అనే చిన్న భాగానికి చేరి ఆకలిని పెంచడమో తగ్గించడమో చేస్తాయని, అంతటితో వాటి పని అయిపోతుందని చాలాకాలం అనుకొన్నారు. గత ఇరవై ఏళ్ళలో, మెదడులో ఏ భాగం ఏ క్షణాన చురుకుగా ఉందో చూపించే ఫంక్షనల్ ఎమ్మారై పరీక్షల ద్వారా, అసలు సంగతి ఇంకా లోతుగా ఉందని తెలిసింది. 2008లో కెనడాలోని మాంట్రియల్‌లో ఆరోగ్యవంతులైన కొందరికి గ్రెలిన్‌ను నరంలోకి ఎక్కించి, స్కానర్‌లో పడుకోబెట్టి, ఆహార పదార్థాల బొమ్మలు చూపించారు. రుచితో సంబంధం ఉన్న ఇన్సులా, ఏ వస్తువు మనకు ఎంత విలువైనదో తూచే ఆర్బిటోఫ్రంటల్ భాగం, కోరికను రేపే స్ట్రయేటమ్, అమిగ్డాలా మామూలుకంటే ఎక్కువగా స్పందించాయి. అంటే, ఆ బజ్జీ మీ కంటికి ఎంత ఊరించేదిగా కనిపిస్తుందన్నది బజ్జీ మీదనే కాక, ఆ నిమిషాన మీ రక్తంలో ఏ హార్మోన్ ఎంత ఉందన్నదాని మీద కూడా ఆధారపడి ఉంటుంది.

దీనికి ముందటి ఏడాదే లండన్‌లో రేచెల్ బాటర్‌హామ్ బృందం పీవైవైతో ఇటువంటి పరీక్షే చేసింది. ఉపవాసం ఉన్నవారికి ఉత్త సెలైన్ ఎక్కించిన రోజున, వారు ఎంత తింటారన్నది హైపోథాలమస్ చురుకుదనాన్ని బట్టి తెలిసేది. పీవైవై ఎక్కించిన రోజున మాత్రం ఆర్బిటోఫ్రంటల్ భాగం చురుకుదనాన్ని బట్టి తెలిసింది. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు మనిషి చేత తినిపించేది శరీర అవసరం, కడుపు నిండినట్టు హార్మోన్ చెబుతున్నప్పుడు తినిపించేది రుచి మీది మక్కువ. ఈ రెండూ మెదడులో వేరువేరు చోట్ల నడుస్తాయన్నమాట. ‘అది ఆకలి కాదని నాకే తెలుస్తుంది’ అని మీరు రాసిన వాక్యం ఈ పరిశోధన చెప్పినదానికి ఎంత దగ్గరగా ఉందో చూడండి.

ఇక స్థూలకాయంలో ఏం మారుతుంది? బరువు ఎక్కువున్నవారిలో తిన్న తరువాత గ్రెలిన్ పడిపోవలసినంతగా పడిపోదు. పీవైవై పెరగవలసినంతగా పెరగదు. 2014లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన ఒక అధ్యయనంలో, ఆహారపు బొమ్మలు చూసినప్పుడు స్థూలకాయుల మెదడులో ఆకలికీ ఆనందానికీ సంబంధించిన భాగాలు సన్నగా ఉన్నవారిలో కంటే ఎక్కువగా స్పందించాయి. జీఎల్‌పీ-1ను పోలిన మందు ఎక్కించగానే ఆ స్పందన తగ్గింది, ఆ తరువాత వారు తిన్న తిండి కూడా తగ్గింది. 2023లో అదే నగరంలోని పరిశోధకులు మరొక అడుగు ముందుకు వేశారు. రుచీ వాసనా తెలియకుండా, ముక్కు గుండా వేసిన గొట్టంతో గ్లూకోజునో కొవ్వునో నేరుగా కడుపులోకి పంపి మెదడును గమనించారు. సన్నగా ఉన్నవారి మెదడు పోషకం అందిందని వెంటనే గుర్తించింది. స్థూలకాయుల మెదడులో ఆ గుర్తింపు బాగా మందగించి ఉంది.

బరువు పెరగడం వల్ల ఇలా అవుతుందా, ఇలా ఉండటం వల్ల బరువు పెరుగుతుందా అన్న అనుమానం మీకు రావచ్చు. రెండూ జరుగుతాయనడానికి ఆధారాలున్నాయి. కొవ్వు ఎక్కువగా ఉన్న తిండి పెట్టిన ఎలుకలలో సీసీకేకు వేగస్ నాడి స్పందన తగ్గుతుంది. మరోవైపు, ఎఫ్‌టీవో అనే జన్యువు ఒక ప్రత్యేక రూపంలో ఉన్న పురుషులను 2013లో లండన్‌లో పరీక్షిస్తే, వారి బరువు మామూలుగానే ఉన్నా, భోజనం తరువాత గ్రెలిన్ మిగతావారిలో తగ్గినంతగా తగ్గలేదు, ఆకలీ తీరలేదు, ఆహారపు బొమ్మలకు మెదడు స్పందన కూడా వేరుగా ఉంది. అటువంటివారు స్థూలకాయం వైపు ఒక అడుగు ముందుగానే ఉన్నట్టు లెక్క.

ఈ పేజీని మీవారి చేత కూడా చదివించండి. బజ్జీల బండిని దాటిపోయేటప్పుడు ఆయన నిగ్రహించుకోవడం లేదు. భోజనంతోనే ఆయన మెదడు సద్దుమణిగి ఉంటుంది కనుక నిగ్రహం అవసరమే రాదు. మీరు రోజూ ఆ బండి ముందు పడే పెనుగులాట ఆయనకు అనుభవంలో లేదు. పిల్లల ముందు అనే మాట వల్ల మీ హార్మోన్లు మారవు. మనసు కష్టపెట్టుకొని, చాటుగా తినే అలవాటు మాత్రం మొదలవుతుంది, అది నేను చాలా ఇళ్ళలో చూశాను.

ఎత్తును బట్టి బరువు ఎంత ఉందో చెప్పే బాడీ మాస్ ఇండెక్స్ మీకు 34 దాకా ఉంది. మన దేశస్థులకు 25 దాటితేనే స్థూలకాయంగా పరిగణిస్తారు కనుక థైరాయిడ్, మూడు నెలల సగటు చక్కెర, కొలెస్ట్రాల్, రక్తపోటు తప్పక చూపించుకోండి. స్కూలు వదిలే ముందు గుప్పెడు వేయించిన శనగలో, గ్లాసు మజ్జిగతో ఒక ఉడికించిన గుడ్డో తినండి. వీలైతే ఆ బండి లేని వీధిలోంచి ఇంటికి రండి. దారి మార్చుకోవడం ఓడిపోవడం కాదు. కంటపడిన తిండికే మెదడు ఎక్కువగా స్పందిస్తున్నప్పుడు, అది కంటపడకుండా చూసుకోవడం వైద్యంలో భాగమే.

ప్రశ్న: వయసు 36, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నిరుడు గట్టిగా డైట్ చేసి 13 కిలోలు తగ్గాను. ఇప్పుడు మునుపటికంటే ఎక్కువ ఆకలి వేస్తోంది. పడుకున్నా బిర్యానీయే గుర్తొస్తుంది. ఆరు కిలోలు తిరిగి వచ్చేశాయి. నేనేం తప్పు చేస్తున్నాను?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ శరీరం ఆ 13 కిలోలను పోగొట్టుకొన్న ఆస్తిగా లెక్కవేసి, తిరిగి రాబట్టుకోవడానికి ప్రయత్నిస్తోంది. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో స్థూలకాయులైన 50 మందిని చేర్చుకొని పది వారాల పాటు అతి తక్కువ కేలరీల ఆహారం మీద ఉంచారు. వారు సగటున 13 కిలోలకు పైగా తగ్గారు. ఆ తరువాత ఏడాదికి వారి రక్తం మళ్ళీ పరీక్షిస్తే, ఆకలి పుట్టించే గ్రెలిన్ మొదటికంటే ఎక్కువగానే ఉంది. తృప్తినిచ్చే పీవైవై, సీసీకే, కొవ్వు కణాల నుంచి వచ్చే లెప్టిన్ తక్కువగానే ఉన్నాయి. బరువు కొంత తిరిగి వచ్చినా హార్మోన్లు మాత్రం సర్దుకోలేదు. 2011లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. అంతకు ముందు 2002లో అమెరికాలోని సియాటిల్‌లో చేసిన అధ్యయనంలో కూడా, ఆరు నెలల డైట్‌తో బరువు తగ్గినవారిలో రోజు మొత్తం మీద గ్రెలిన్ 24 శాతం పెరిగినట్టు తేలింది. నేను పైన చెప్పిన 2023 నాటి ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధనలో, పన్నెండు వారాలలో పది శాతం బరువు తగ్గించిన తరువాత కూడా పోషకాలకు మెదడు స్పందన మామూలు స్థితికి రాలేదు.

కరువులు వరుసగా వచ్చిన కాలాల్లో మనిషి జాతిని బతికించిన ఏర్పాటు ఇది. ఇప్పుడు ఫోన్ తీస్తే పావుగంటలో బిర్యానీ గుమ్మంలోకి వచ్చే ఊళ్ళో అదే మీకు అడ్డం తిరుగుతోంది. కాబట్టి మీరు తప్పు చేశారనే ఆలోచన ముందు వదిలిపెట్టండి. మెల్లగా తగ్గితే తిరిగి రాదని మీకు ఎవరైనా చెప్పి ఉంటే, అదీ రుజువు కాని మాటే. 2014లో మెల్‌బోర్న్‌లోనే మెల్లగా తగ్గినవారినీ త్వరగా తగ్గినవారినీ పోల్చి చూస్తే, ఇద్దరికీ దాదాపు ఒకే రీతిలో బరువు తిరిగి వచ్చింది.

బరువు తగ్గించుకోవడం ఒక పని, తగ్గిన బరువును నిలుపుకోవడం వేరే పని. ఈ రెండవదానికి గడువు ఉండదు. వారానికొకసారి తూకం చూసుకోవడం, రోజూ గంటకు తక్కువ కాకుండా నడకో మరొక వ్యాయామమో చేయడం, వారానికి రెండు మూడుసార్లు కండరాలకు బలమిచ్చే వ్యాయామం, ప్రతి పూటా పప్పు, గుడ్డు, చేప, చికెన్, పనీర్, మీల్‌మేకర్ వంటివాటిలో ఏదో ఒకటి తప్పకుండా తినడం మీకు పనికివస్తాయి. ఇవన్నీ చేసినా ఆకలి తట్టుకోలేనట్టుగా ఉంటే, సంకోచించకుండా హార్మోన్ల వైద్యుడైన ఎండోక్రైనాలజిస్టును కలవండి. రక్తపోటు ఉన్నవారు మందు వాడటానికి సిగ్గుపడరు. దీనికీ సిగ్గుపడనక్కరలేదు.

ప్రశ్న: గ్రెలిన్ ఎక్కువైతేనే లావవుతారని ఒక వీడియోలో చూశాను. రక్తపరీక్ష చేయించుకొని, దాన్ని తగ్గించే మాత్ర వాడవచ్చా?
— ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: ఆ వీడియోలో చెప్పినది తప్పు. స్థూలకాయుల్లో చాలామందికి పరగడుపున గ్రెలిన్ సన్నగా ఉన్నవారికంటే తక్కువగానే ఉంటుంది. వారిలో లోపమల్లా తిన్న తరువాత అది సరిగా దిగకపోవడంలో ఉంది. పుట్టుకతో వచ్చే ప్రాడర్-విల్లీ సిండ్రోమ్ అనే అరుదైన జబ్బులో మాత్రం గ్రెలిన్ బాగా ఎక్కువగా ఉంటుంది. గంటగంటకూ మారిపోయే హార్మోన్ కనుక ఒక్కసారి రక్తం తీసి కొలిచినందువల్ల చికిత్సకు పనికివచ్చే సంగతి ఏమీ తెలియదు. గ్రెలిన్‌ను తగ్గించి బరువు తగ్గిస్తుందని ఆమోదం పొందిన మాత్ర ఏదీ లేదు. ఆ పేరుతో అమ్మే పొడులకు డబ్బు పెట్టకండి.

ప్రశ్న: వయసు 52, పదేళ్ళుగా షుగరు ఉంది. డాక్టరు గారు వారానికొక ఇంజెక్షన్ రాశారు. ఏడు నెలల్లో 11 కిలోలు తగ్గాను. వింత ఏమిటంటే, అసలు తిండి ధ్యాసే పోయింది. ఇంట్లో గారెలు వండినా ఒకటి తిని లేచిపోతున్నాను. మందు మెదడును పాడు చేస్తోందేమోనని మా ఆవిడ భయపడుతోంది. బరువు తగ్గింది కదా, మానేయవచ్చా?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మీకు రాసిన మందు పేగులో పుట్టే జీఎల్‌పీ-1 హార్మోన్‌ను పోలినది. మన శరీరంలో తయారయ్యే జీఎల్‌పీ-1ను ఒక ఎంజైమ్ వెంటనే విరగ్గొట్టడం వల్ల, రెండు నిమిషాలలో దానిలో సగం పోతుంది. 1990ల తొలినాళ్ళలో అమెరికాలో జాన్ ఎంగ్ అనే వైద్యుడు గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి నోటి స్రావంలో ఇదే పనిచేసే, అంత త్వరగా విరిగిపోని ఒక పదార్థాన్ని గుర్తించాడు. దాని నుంచి వచ్చిన ఎక్సెనటైడ్ అనే మందుకు 2005లో అమెరికాలో అనుమతి లభించింది. ఇప్పటి సెమాగ్లూటైడ్ శరీరంలో సగానికి తగ్గడానికి దాదాపు వారం పడుతుంది, అందుకే వారానికొక సూది సరిపోతోంది. టిర్జెపటైడ్ అనే మరో మందు జీఎల్‌పీ-1తోపాటు జీఐపీ అనే మరో పేగు హార్మోన్ పని కూడా చేస్తుంది.

తిండి ధ్యాస పోవడం మెదడు పాడైనందుకు గుర్తు కాదు. జీఎల్‌పీ-1 మెదడు మీద పనిచేసి తిండి తగ్గిస్తుందని 1996లోనే లండన్‌లో స్టీఫెన్ బ్లూమ్ బృందం ఎలుకలలో చూపించింది. భోజనం తరువాత సన్నని మనిషికి సహజంగా కలిగే నిశ్చింత మీకు మందుతో కలుగుతోంది. మీ ఆవిడ గారికి ఆ మాట ధైర్యంగా చెప్పండి. అయితే తిండి మీద ఇష్టంతోపాటు మిగతా విషయాల మీద ఆసక్తి కూడా పోతే, దిగులుగా ఉంటే, వెంటనే మీ డాక్టరుకు తెలపండి.

మానేయడం గురించి మాత్రం తొందరపడకండి. 2021లో వెలువడిన స్టెప్-1 పరీక్షలో, షుగరు లేని స్థూలకాయులు 68 వారాల సెమాగ్లూటైడ్‌తో సగటున 14.9 శాతం బరువు తగ్గారు. మందు ఆపిన ఏడాదిలో, తగ్గినదానిలో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. హైదరాబాద్ పాఠకుడికి చెప్పిన కారణమే ఇక్కడా వర్తిస్తుంది. పైగా మీకు షుగరు ఉంది కనుక మందు ఆపితే చక్కెర కూడా పెరుగుతుంది. మోతాదు తగ్గించాలన్నా మార్చాలన్నా అది మీ డాక్టరు చూసి చేయవలసిన పని. వికారం, మలబద్ధకం మామూలుగా కనిపించేవే. కడుపు పైభాగంలో మొదలై వీపులోకి పాకే తీవ్రమైన నొప్పి వస్తే మాత్రం అది క్లోమగ్రంథి వాపు కావచ్చు కనుక ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. కుటుంబంలో ఎవరికైనా మెడుల్లరీ థైరాయిడ్ కేన్సర్ వచ్చి ఉంటే ఈ మందు వాడకూడదు. ఒక్క గారెతో లేచిపోతున్నానని రాశారు. తిండి తగ్గినప్పుడు కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది కనుక, ఆ తినే కొద్దిలో గారెకు ముందు గుడ్డో చేపో పప్పో ఉండేలా చూసుకోండి.

బరువు తగ్గించడానికి చేసే బేరియాట్రిక్ ఆపరేషన్ గురించి మరికొందరు అడిగారు కనుక ఒక్క మాట. గ్యాస్ట్రిక్ బైపాస్ తరువాత ఆహారం పేగు కింది భాగానికి త్వరగా చేరడం వల్ల జీఎల్‌పీ-1, పీవైవై భోజనం తరువాత బాగా పెరుగుతాయి. స్లీవ్ ఆపరేషన్‌లో గ్రెలిన్ పుట్టే కడుపు భాగాన్నే చాలావరకు తీసివేస్తారు. 2014లో లండన్‌లో చేసిన పోలికలో, కడుపు చుట్టూ పట్టీ మాత్రమే వేయించుకొన్నవారికంటే బైపాస్ చేయించుకొన్నవారి మెదడు ఆహారపు బొమ్మలకు తక్కువగా స్పందించింది. కడుపు చిన్నది చేయడం ఒక్కటే ఆపరేషన్ ఫలితానికి కారణం కాదని దీనివల్ల స్పష్టమైంది.

ప్రశ్న: మందులూ ఆపరేషన్లూ లేకుండా, మనం తినే తీరుతోనే ఈ మంచి హార్మోన్లను పెంచుకోలేమా? మాది మూడు పూటలా అన్నం తినే ఇల్లు.
— ఒక గృహిణి, అమలాపురం

జవాబు: కొంతవరకు పెంచుకోవచ్చమ్మా. మందుతో వచ్చేంత మార్పు రాదు గానీ, ఖర్చు లేనిదీ హాని లేనిదీ కనుక చేయదగినదే. మీలాగే అన్నం తినే జపాన్‌వారు 2016లో ప్రచురించిన అధ్యయనంలో, అన్నానికి పావుగంట ముందు చేపో మాంసమో తిన్నవారిలో జీఎల్‌పీ-1 ఎక్కువగా విడుదలైంది, కడుపు నుంచి ఆహారం నెమ్మదిగా కిందికి దిగింది, చక్కెర పెరుగుదల తగ్గింది. మన ఇళ్ళలో ముందు కంచం నిండా అన్నం పెట్టుకొని, కలుపుకోవడానికి సరిపడా కూర వేసుకుంటాం. మీరు ముందుగా ఒక గిన్నెడు కూర, ముద్దపప్పో చేప ముక్కలో తిని, ఆ తరువాత కొద్దిగా అన్నం వడ్డించుకొని చూడండి. గోదావరి పక్కన ఉన్న మీకు చేపలకు కొరత లేదు.

నెమ్మదిగా తినడం కూడా పనిచేస్తుంది. 2010లో ఏథెన్స్‌లో కొందరు ఆరోగ్యవంతులకు 300 మిల్లీలీటర్ల ఐస్‌క్రీమ్‌ను ఒకసారి ఐదు నిమిషాలలో, మరొకసారి అరగంటలో తినమన్నారు. అదే ఐస్‌క్రీమ్, అంతే పరిమాణం, అయినా అరగంటలో తిన్నప్పుడు పీవైవై, జీఎల్‌పీ-1 ఎక్కువగా పెరిగాయి. అందరికీ వడ్డించి, చివరన వంటింట్లో నిలబడి నాలుగు ముద్దలు మింగి లేచే ఇల్లాళ్ళకు ఈ అవకాశమే ఉండదు. మీరు అందరితో కలిసి కూర్చొని తినండి, వడ్డించే పని తలా కొంచెం పంచుకుంటారు.

నిద్ర సంగతి కూడా మరవవద్దు. 2004లో షికాగోలో పన్నెండు మంది యువకులను రెండు రాత్రులు నాలుగు గంటలే నిద్రపోనిస్తే గ్రెలిన్ 28 శాతం పెరిగింది, లెప్టిన్ 18 శాతం తగ్గింది, తీపి, ఉప్పటి చిరుతిళ్ళ మీద కోరిక పెరిగింది.

ఒక జాగ్రత్త. ఇంట్లో ఎవరైనా షుగరుకు ఇన్సులిన్ గానీ, చక్కెరను బాగా దించే గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడుతుంటే, అన్నం ఒక్కసారిగా తగ్గించడం వల్ల చక్కెర పడిపోయి కళ్ళు తిరిగే ప్రమాదం ఉంది. అటువంటివారు మందు మోతాదు గురించి ముందు తమ డాక్టరుతో మాట్లాడి, ఆ తరువాతే భోజనం మార్చాలి.